రెండు చుట్టల మధ్య ఖాళీ

...తగలకుండా ఎలా వస్తుంది అని ఆయన అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. నాలుగు క్షణాలు ఆగాడు. జరిగినదంతా ఆ నాలుగు క్షణాల్లోనే జరిగిపోయింది అనుకున్నాడు భుజంగరావు, ఇంటి ముందు స్కూటరుకి స్టాండు వేసి కూడా దిగకుండా దాని మీదే కూచుని. తెలియక ఆగలేదు. మరీ తెలిసిన సంగతి కావటం వల్ల ఆగాడు. నువ్వు ఊపిరి ఎలా పీలుస్తావని అడిగితే ఎవరికైనా ఒక్క క్షణం ఊపిరి అందదు. ఇరవై రెండేళ్ళుగా విద్యుత్ సంస్థలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉంటున్న అతన్ని, ట్రాన్స్‌ఫార్మరులోని రెండు తీగచుట్టలూ ఒకదానికొకటి ఎందుకు తగలవని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అడిగినది చిదానందం గారు, జిల్లా అనుసంధాన మండలి సంచాలకులు. ఆ ఏడాదిని అనుసంధాన సంవత్సరంగా ప్రకటించారు. ప్రతి శాఖా తన పరిధిలో విడివిడిగా ఉన్నవాటి జాబితా తయారు చేసి, ఏడాది ముగిసేలోగా వాటిని కలిపి, కలిపినట్టు ఫోటో పంపాలి. గ్రంథాలయానికీ పశువుల ఆసుపత్రికీ మధ్య గోడ పగలగొట్టి ద్వారం పెట్టారు. అప్పటినుంచి పఠన మందిరానికి వచ్చేవారి సంఖ్య పెరిగిందని నివేదికలో రాశారు. వస్తున్నది ఎవరో రాయలేదు. రెండు బోరుబావుల్ని గొట్టంతో కలిపారు. ఒకదానిలో నీళ్ళు లేవు. ఇప్పుడు రెండింటిలోనూ సమానంగా లేవు. విద్యుత్ సంస్థ జాబితా ఒక్కటే ఖాళీగా వెళ్ళింది. "మా సంస్థలో అన్నీ తీగలతో కలిసే ఉన్నవి" అని దాని కింద ఒక వాక్యం రాసినది భుజంగరావే. ఆ వాక్యాన్ని తనిఖీ చేయటానికే ఆయన ఆ ఉదయం మరమ్మతుల షెడ్డుకి వచ్చారు.

షెడ్డులో ఒక ట్రాన్స్‌ఫార్మరుని నూనె తొట్టిలోంచి పైకి తీసి దుంగల మీద నిలబెట్టారు. చిదానందం గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఇది లోపలికి వచ్చేది."

"అవునండి. పదకొండు వేల వోల్టులు. సన్నతీగ, చుట్లు ఎక్కువ."

"ఇది బయటికి పోయేది."

"అవునండి, ఇళ్ళకి. లావుతీగ, చుట్లు తక్కువ. చుట్లు ఎంత తగ్గితే వోల్టేజి అంత తగ్గుతుంది."

"రెంటికీ మధ్య ఏముంది?"

"కాగితమండి. నూనె."

"తీగ?"

"తీగ ఉండదండి."

చిదానందం గారు తన వెనక నోటుపుస్తకంతో నిలబడ్డ గుమాస్తా వైపు చూశారు. తరవాత చాలా మెల్లగా, రోగి బంధువుతో మాట్లాడే డాక్టరులాగా అడిగారు. "తగలకుండా ఎలా వస్తుంది?"

ఆ నాలుగు క్షణాల్లో గుమాస్తా రాసుకున్నాడు: "అధికారి సమాధానము చెప్పలేకపోయినారు."

వారం తిరగకుండా మెమో వచ్చింది. "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, జిల్లాలోని నాలుగు వేల మూడు వందల పన్నెండు ట్రాన్స్‌ఫార్మరులలో ఏ ఒక్కదానియందును లోపలి ప్రవాహమునకు బయటి ప్రవాహమునకు సంబంధము లేదని తేలినది. అట్టి సంబంధము లేకయే గృహములలో దీపములు ఏ విద్యుత్తుతో వెలుగుచున్నవో మూడు దినములలోగా వివరణ ఇవ్వవలెను."

రెండు రోజులు సెలవు పెట్టి భుజంగరావు వివరణ రాశాడు. రాస్తుంటే తనకే సిగ్గనిపించేంత సంతోషం కలిగింది. ఒంటరిగా ఉండే మనిషి. తనకి తెలిసిన దాన్ని ఇంకొకరు అడిగి తెలుసుకోవాలనుకోవటం, మూడు రోజుల గడువు పెట్టి మరీ తెలుసుకోవాలనుకోవటం, అతని జీవితంలో అదే మొదలు. "ఒక చుట్టలో ప్రవాహం హెచ్చుతూ తగ్గుతూ ఉంటే దాని అయస్కాంతత్వం కూడా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ మార్పు మధ్యనున్న ఇనుప దిమ్మె గుండా పోయి, దానికే చుట్టిన రెండో చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. నిలకడగా ఒక్కతీరున పారే ప్రవాహం ఎంత పెద్దదైనా పక్క చుట్టలో ఏమీ పుట్టించలేదు. తగలనక్కరలేదు. మారితే చాలు."

చివరి రెండు వాక్యాల దగ్గర కలం ఆగింది. ఇది ట్రాన్స్‌ఫార్మరు గురించేనా అని అనుమానం వచ్చింది. తను నిలకడైన మనిషినని అందరూ మెచ్చుకుంటారు. ఇరవై రెండేళ్ళలో ఏ పై అధికారి ఏం చెప్పినా తన నోట వచ్చిన మాట ఒక్కటే: అలాగేనండి. ఒక్కతీరున, ఎగుడుదిగుడు లేకుండా పారిన అలాగేనండి. దానివల్ల పక్కన ఎవరిలోనైనా ఏమైనా పుట్టిందా? ఆ ఆలోచన నచ్చక, కింద "ఫారడే నియమము ప్రకారము" అని రాసి సంతకం పెట్టేశాడు.

జవాబు వచ్చింది. "సదరు ఫారడే నియమము సంస్థ నిబంధనావళిలో ఎన్నవ అధ్యాయమున కలదో, ఏ ఉత్తర్వు ద్వారా అమలులోనికి వచ్చినదో తెలుపవలెను." అది ప్రకృతి నియమమని అతను రాశాడు. ప్రకృతి విషయములు అటవీశాఖ పరిధిలోనివని ఫైలు అటు పంపారు. తమ అడవులలో ఫారడే అనునది కానరాదని అటవీశాఖ నలభై రోజుల తరవాత తిప్పి పంపింది. అంతటితో శాస్త్రాధారం లేదని రుజువైపోయింది.

ఈలోగా ఇంటింటికీ ఒక పత్రం పంచారు. తాము వాడుతున్న విద్యుత్తు సంస్థ పంపినదేనని, దారిలో పుట్టినది కాదని వినియోగదారులు హామీ ఇవ్వాలి. గోలిగుంట కాలనీలో లైన్‌మన్ యల్లమంద తన తల్లి చేత కూడా వేలిముద్ర వేయించాడు. "యాడ పుట్టిందో నాకేం ఎరికరా, నేనేమన్నా పురుడు పోశానా" అంది ఆమె, వేలు కొంగుకి తుడుచుకుంటూ.

ఒక అవకాశం ఇద్దామని చిదానందం గారే ప్రదర్శన ఏర్పాటు చేయించారు. హైస్కూలు నించి ఒక తీగచుట్ట, ఒక అయస్కాంతం, కరెంటు పారితే ముల్లు ఊగే గాల్వనామీటరు అరువు తెచ్చుకుని భుజంగరావు మండలి సభ్యుల ముందు నిలబడ్డాడు. అయస్కాంతాన్ని చుట్టలోకి దూర్చాడు. ముల్లు కుడివైపుకి ఊగింది. బయటికి లాగాడు. ఎడమవైపుకి ఊగింది. సభ్యుల్లో ఒకాయన పిల్లాడిలా నవ్వి, చిదానందం గారిని చూసి ఆపుకున్నాడు.

"ఆపండి," అన్నారు చిదానందం గారు. "అయస్కాంతాన్ని లోపలే ఉంచండి. కదపకండి."

ముల్లు సున్నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పోయిందే?"

"కదిపితేనే వస్తుందండి. డ్యాము దగ్గర జనరేటర్లలో జరిగేది కూడా ఇదే. నీటి తోపుతో అయస్కాంతం తిరుగుతూ ఉంటుంది, దాని చుట్టూ చుట్టలు ఉంటాయి. అక్కడ కూడా తగలదు."

"అంటే మూలంలోనే తెగి ఉంది."

"తెగి లేదండి, ఖాళీ ఉంటుంది. తగిలితే తిరగదు."

"తిరగకపోతే స్థిరంగా ఉంటుంది కదా?"

"ఉంటుందండి. కరెంటు ఉండదు."

చిదానందం గారు విచారంగా తల ఊపారు. "ఒక సంస్థ మనుగడ మొత్తం అస్థిరత్వం మీద నడుస్తోందని ఒక బాధ్యత గల అధికారి నిండు సభలో చెబుతున్నారు. సరే. ముల్లు ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఎందుకు పోయింది?"

"ప్రవాహం దిశ మారిందండి. మన ఇళ్ళకి వచ్చేది కూడా సెకనుకి యాభైసార్లు ముందుకీ వెనక్కీ పోతూ..."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైంది.

"వెనక్కి?" అన్నారు సభ్యుల్లో ఒకరు.

"ఎవరి అనుమతితో?" అన్నారు ఇంకొకరు.

పంపిన విద్యుత్తులో సగం ఎప్పటికప్పుడు తిరిగి వెళ్ళిపోతున్నదని, ఈ సంగతి సంస్థకు మొదటినించీ తెలుసునని, దాచిపెట్టారని ఆ రోజు తీర్మానం అయింది. ప్రయోగం గురించి నివేదికలో ఒక్క వాక్యం ఉంది: "అధికారి చేయి ఊపినంతసేపు మాత్రమే విద్యుత్తు కనబడినది." అబద్ధం ఏమీ లేదు. అదే అతన్ని బాధించింది. ప్రతి వాక్యమూ నిజమే, మొత్తం కలిపితే పిచ్చి. పిచ్చివాళ్ళ తర్కంలో లోపం ఉండదని ఎక్కడో చదివాడు. వాళ్ళ మొదటి మాట ఒక్కటే తప్పు, మిగిలినదంతా దాన్నించి క్రమశిక్షణతో నడిచొస్తుంది. ఇక్కడ మొదటి మాట ఎవరిది? "అన్నీ తీగలతో కలిసే ఉన్నవి." తనదే.

ఉత్తర్వు వచ్చింది. జిల్లాలో ప్రతి ట్రాన్స్‌ఫార్మరునూ పై తీగనించి కింది తీగకు స్వచ్ఛమైన రాగి తీగతో అనుసంధానించవలెను. మొదటిది గోలిగుంట కాలనీలో, ఎనభై మూడు ఇళ్ళకు. ప్రారంభోత్సవం చిదానందం గారి చేతుల మీదుగా. సాంకేతిక యోగ్యతా పత్రం మీద అసిస్టెంటు ఇంజనీరు సంతకం చేయవలెను.

భుజంగరావు ఆ కాగితం పట్టుకుని డివిజనల్ ఇంజనీరు పూర్ణచంద్రం గారి గదిలోకి వెళ్ళాడు. ఆయన టీలో బిస్కెట్టు ముంచుతున్నారు.

"సార్, పదకొండు వేల వోల్టులు నేరుగా ఇళ్ళలోకి పోతాయి."

"నేనూ చదువుకున్నానులే భుజంగం. అదే కాలేజీ, నీకంటే రెండు మార్కులు ఎక్కువ కూడా."

"మరి ఆ మాట మీరు రాస్తే..."

"ఆ మాట నువ్వు రాశావుగా మూడు పేజీలు. ఏమైంది? అడవిలో తిరిగొచ్చింది." బిస్కెట్టు విరిగి గ్లాసులో పడింది. ఆయన దాన్ని చెంచాతో వెతుకుతూ అన్నారు. "నాకు పద్దెనిమిది నెలల సర్వీసు ఉంది. ఊరికే భయపడకు. లైను వేసిన క్షణంలోనే సబ్‌స్టేషనులో బ్రేకరు పడిపోయి లైను ఆగిపోతుంది. ఢామ్మని శబ్దం, అంతే. ప్రయోగం విఫలమైందని వాళ్ళే మానుకుంటారు."

"బ్రేకరు పడేలోపు సార్?"

పూర్ణచంద్రం గారు గ్లాసులోకి చూశారు. "సంతకం పెట్టు," అన్నారు చివరికి. "పైవాళ్ళు చెప్పింది చేశామని ఉంటుంది."

"అలాగేనండి" అన్నాడు భుజంగరావు. నోరు అలవాటున అనేసింది. సంతకం కూడా చేయి అలవాటున పెట్టేసింది. బయటికి వచ్చాక తన చేతిని తనే చూసుకున్నాడు. తనకీ లోకానికీ మధ్య కాగితం, నూనె. లోపల ఎంత కొట్టుకున్నా బయటికి తగలదు. ఇంతకాలం దాన్ని రక్షణ అనుకున్నాడు.

యల్లమంద షెడ్డు దగ్గర రాగితీగని చింతపండుతో తోముతున్నాడు. ప్రారంభోత్సవానికి మెరవాలని చెప్పారట.

"సారూ, ఒక మాటడుగుతా. దీన్ని కట్టమంటారా?"

"ఉత్తర్వు వచ్చింది."

"ఉత్తర్వు సంగతి కాదు. ఇరవయ్యేళ్ళ సంది స్తంభాలెక్కుతున్నా. పై తీగ, కింది తీగ కలిస్తే ఏమైద్దో చూశా. మూడేళ్ళ కింద గాలివానకి ఒకటి తెగి ఇంకోదాని మీద పడితే, సందులో ఫ్యాన్లన్నీ పేలినయ్. గేదె చచ్చింది. ఇనప తీగ మీద బట్టలారేసే ఆమె చెయ్యి ఇట్టా వంకర పోయింది." చింతపండు పిప్పి పక్కన పెట్టాడు. "ఆ కాలనీలో మూడో ఇల్లు నాదే. కూతురు పురిటికొచ్చింది. బిడ్డకి పంతొమ్మిది రోజులు."

భుజంగరావు మెరుస్తున్న తీగని వేలితో తడిమి చూశాడు.

"మీరు సంతకం పెట్టారని చెప్పారు. మీరు పెడితే కడతా. మీ మాట మీద ఎన్నిసార్లు తీగ పట్టుకోలా?"

అది నిజమే. లైను మీద పని చేసే ముందు సబ్‌స్టేషనుకి ఫోను చేసి ఎల్.సి. తీసుకుంటారు. లైన్ క్లియర్. ఆపరేటరు ఆ లైనుకి కరెంటు ఆపి, పుస్తకంలో నెంబరు వేసి, ఎవరు తీసుకున్నారో పేరు రాస్తాడు. పని అయ్యాక ఆ మనిషే ఫోను చేసి తిరిగి ఇవ్వాలి. గొంతు గుర్తుపట్టి, నెంబరు సరిచూసుకుని గానీ ఆపరేటరు లైను వేయడు. వేరే ఎవరు చెప్పినా, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా వేయడు. ఎందుకంటే స్తంభం మీద ఎవరి చేతులు ఉన్నాయో ఆ ఒక్క మనిషికే తెలుసు. సంస్థలో ఎవరూ ఎన్నడూ తప్పని నియమం ఇదొక్కటే. దీనికి ఉత్తర్వు లేదు. శవాలు ఉన్నాయి.

పెద్ద పనులకి భుజంగరావు తీసుకున్నా, మామూలుగా ఎల్.సి. లైన్‌మన్లే తీసుకుంటారు. కానీ చిదానందం గారి కార్యక్రమ పత్రంలో పదకొండవ అంశంగా ఇలా ఉంది: "చరిత్రాత్మక సందర్భమగుటచే సదరు ఎల్.సి. అసిస్టెంటు ఇంజనీరు హోదాకు తగ్గని అధికారి పేరిట తీసుకొనవలెను."

గోలిగుంట కాలనీలో షామియానా వేశారు. ట్రాన్స్‌ఫార్మరు కంచెకి రిబ్బను కట్టి, స్తంభానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. పొద్దున తొమ్మిదింటికి భుజంగరావు సబ్‌స్టేషనుకి ఫోను చేసి తన పేరున ఎల్.సి. తీసుకున్నాడు. నెంబరు నలభై ఒకటి. పది ఊళ్ళకి కరెంటు పోయే ఫీడరు లైను మొత్తం ఆగిపోయింది. యల్లమంద స్తంభమెక్కి, మూడు రాగితీగలూ పైనించి కిందికి కట్టి, దిగి, చేతులు దులుపుకుని వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. వేసవి ఎండ. ఫ్యాన్లు లేక ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి విసురుకుంటున్నారు. మూడో ఇంటి గుమ్మంలో యల్లమంద కూతురు బిడ్డని భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది.

చిదానందం గారు మైకు ముందుకి వచ్చారు. కరెంటు లేదు కనుక మైకు పని చేయలేదు. అయినా దానిలోనే మాట్లాడారు.

"ఇన్నేళ్ళుగా మీ ఇళ్ళకీ ప్రభుత్వానికీ మధ్య ఒక ఖాళీ ఉండేది. కాగితపు ముక్క అడ్డుపెట్టి మిమ్మల్ని వేరు చేశారు. తగ్గించి, వడగట్టి, పదకొండు వేలలో రెండు వందల ముప్ఫై మాత్రమే మీకు ఇచ్చారు. నేటినించి మొత్తం మీదే."

చప్పట్లు కొట్టారు. ముందు వరసలో పూర్ణచంద్రం గారు కూడా రెండు వేళ్ళతో కొట్టారు. అప్పుడే భుజంగరావు గమనించాడు. ఆయన తన కుర్చీని ఎవరూ చూడకుండా ట్రాన్స్‌ఫార్మరు నించి నాలుగడుగులు వెనక్కి జరుపుకున్నారు.

"నాయనా, కరెంటెప్పుడొస్తది?" గుమ్మంలోంచి కూతురు అరిచింది. "ఉక్కకి ఏడుస్తన్నాడు."

యల్లమంద భుజంగరావు ముఖంలోకి చూశాడు. ఆ చూపులో నింద లేదు, వేడుకోలు లేదు. తీగ పట్టుకోబోయే ముందు ఎప్పుడూ చూసే చూపే అది. లైను ఆగిందా సార్, అని అడిగే చూపు.

జేబులో ఫోను మోగింది. సబ్‌స్టేషను ఆపరేటరు కరీముల్లా.

"సార్, నమస్తే. రెండు గంటలైంది, పది ఊళ్ళ వాళ్ళు ఫోన్లు చేసి తిడతన్నారు. పనైపోయిందని డి.ఇ. పూర్ణచంద్రం గారు చెప్పారు గానీ, మీ నోటితో చెప్పాలి గదా. ఎల్.సి. నలభై ఒకటి. రిటర్న్ రాసుకోమంటారా?"

చిదానందం గారు కత్తెర రిబ్బను మీద పెట్టి చిరునవ్వుతో ఇటు తిరిగారు. ఫోటోగ్రాఫరు ఒక మోకాలు నేలకి ఆనించాడు.

అలాగేనండి. గొంతు దాకా వచ్చింది. అలవాటైన దారి, నున్నగా, నిలకడగా. భుజంగరావు దాన్ని అక్కడే చూశాడు, ఎవరిదో వస్తువుని చూసినట్టు. దాని వెనక భయం ఉంది. భయం వెనక ఆశ్చర్యంగా ఏమీ లేదు. కాగితం, నూనె. గుండె మాత్రం ఒక్కతీరున లేదు. ఎగిరి పడుతోంది, తగ్గుతోంది, మళ్ళీ ఎగిరి పడుతోంది.

"వద్దు," అన్నాడు.

"ఆఁ? సిగ్నల్ సరిగ్గా లేదు సార్."

"వద్దు కరీముల్లా. ఎల్.సి. తిరిగి ఇవ్వటం లేదు. నేను స్వయంగా వచ్చి చెప్పేదాకా లైను వేయకు. అలాగని పుస్తకంలో రాసుకో."

అటువైపు కాగితం మీద కలం నడుస్తున్న చప్పుడు, మెల్లగా, పూర్తిగా వినబడింది. "రాశాను సార్," అన్నాడు కరీముల్లా. ఎందుకని అడగలేదు. అడిగే నియమం లేదు.

షామియానా కింద ముఖాలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి, గాల్వనామీటరు ముల్లులాగ. చిదానందం గారి కత్తెర గాలిలోనే ఆగింది. "ఎవరి అనుమతితో?" అని ఆయన అడుగుతున్నారు. వెనక వరసలో ఎవరో ఉక్కపోత తట్టుకోలేక భుజంగరావుని బూతులు తిడుతున్నారు. పూర్ణచంద్రం గారు లేచి నిలబడి, ఎటు నడవాలో తోచక మళ్ళీ కూచున్నారు. యల్లమంద ఎవరినీ అడగకుండా తువ్వాలు నడుముకి బిగించి, కట్టిన తీగలు విప్పటానికి స్తంభం వైపు నడిచాడు.

భుజంగరావు ఫోను ఆపేసి చొక్కా జేబులో వేసుకుని, ఎన్నడూ పెట్టని జేబు గుండీ పెట్టుకున్నాడు.